ఒకే సంచిలో మాత్రలూ నేనూ

నేను ఒక బీపీ మిషన్ని. దండచేతికి నా పట్టీ చుట్టి బొత్తం నొక్కితే గాలి మింగుతాను, బిగుసుకుంటాను, లోపల రక్తం చెప్పే మాట విని మెల్లగా గాలి వదిలేస్తాను. నాకు నోరు లేదు. ఉన్నవల్లా కాసిని అంకెలు, వాటి పక్కన ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా పాకే ఒక గీత, పని చేస్తున్నంతసేపూ మిణుకుమిణుకుమనే చిన్న గుండె బొమ్మ. ఆ గుండె బొమ్మ ఎవరు పెట్టారో గానీ, పెట్టకపోయినా బాగుండేదని ఈమధ్య తరచుగా అనిపిస్తుంది.

నేను పుట్టింది రేకుల షెడ్డులో, కుట్టుమిషన్ల హోరులో. నా పట్టీ కుట్టినావిడ దారం తెంపగానే దాన్ని తన చేతికే చుట్టుకుని "గట్టిగానే ఉందిలే" అనుకుంది. నన్ను తాకిన మొదటి చెయ్యి అది, పడుచు చెయ్యి. అక్కణ్ణుంచి లారీలో కాకినాడ వచ్చి, ఒక సర్జికల్ షాపు అద్దాల బీరువాలో వేణ్ణీళ్ళ సంచికీ చేతికర్రలకీ మధ్య కూర్చున్నాను. నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళంతా నెరిసిన తలలవాళ్ళే. రక్తపోటు అనేది పెన్షనుతో పాటు మొదలవుతుందని మనుషుల నమ్మకం.

ఫణీంద్ర నన్ను కొన్నది వాళ్ళ నాన్న పేర్రాజుగారి షష్టిపూర్తికి. బంధువులు వెండి గ్లాసులిస్తే కొడుకు నన్నిచ్చాడు. "ఆయ్, డాక్టరే ఇంటికొచ్చేశాడండి!" అని ఆయన నన్ను అందరికీ చూపించారు. చూపించారే తప్ప బొత్తం నొక్కడానికి ఆయనకి భయం. ఆయన భార్య సుబ్బరత్నంగారికి అసలు కరెంటు వస్తువంటేనే పడదు. అలా నేను కొత్తకోడలి చేతికి వచ్చాను.

ఆమె పేరు మౌక్తిక. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ. పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. ఆ ఇంట్లో ప్రతిదీ ఆమెకి పండగే. బ్రష్షుల గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే పండగ. స్టీలు డబ్బా మీద తన పేరు చెక్కి ఉంటే పండగ. పాలు పొంగబోయి ఆగిపోతే మరీ పండగ. నేను మొదటిసారి గాలి పీల్చినప్పుడు "అబ్బ, ఊపిరి తీసుకుంటోందండీ!" అని చప్పట్లు కొట్టింది. మామిడిపండు రంగు జాకెట్టు ముక్క మిగిలితే నాకొక సంచి కుట్టింది, మూతికి రెండు మువ్వలు కూడా. రక్తం వినడానికి పుట్టినదాన్ని మువ్వలతో ఊరేగుతానని నేనెన్నడూ అనుకోలేదు.

ఇంకో సంగతి. ఆమె ఈల వేసేది. అత్తగారు ఇంట్లో లేరనుకుని పోపు వేస్తూ ఈల, బట్టలు మడతపెడుతూ ఈల. ఒకరోజు సుబ్బరత్నంగారు వెనకే వచ్చి నిలబడ్డారు.

"అమ్మాయ్, ఆడపిల్లలు ఈలలేస్తారటే?"

మౌక్తిక మొహం మాడిపోయింది. ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ఇంకోసారి వెయ్యి."

పొద్దున్న కాఫీల వేళ వీధి అరుగు మీద నా కొలువు సాగేది. మామగారు, అత్తగారు, పక్కింటి ఆదిలక్ష్మిగారు వరసగా కూర్చునేవారు. "నిన్న ఆవకాయన్నం తిన్నానే తల్లీ, ఇవాళ చూడకు, అబద్ధం చెబుతుంది మీ మిషను" అని ఆదిలక్ష్మిగారు చెయ్యి వెనక్కి లాక్కునేవారు. ఒకసారి ఆవిడే అన్నారు, "అందరికీ చూస్తావు, నువ్వూ పెట్టుకోవే" అని. సుబ్బరత్నంగారు నవ్వేశారు. "పసిపిల్ల, దానికి బీపీ ఏవిటండీ! ముందు నా మనవల్ని పెంచనివ్వండి, అప్పుడొస్తుంది." అందరూ నవ్వారు. మౌక్తిక కూడా నవ్వి నా పట్టీ చుట్టేసి సంచిలో పెట్టింది.

ఆ సంచిలో నేను ఒంటరిదాన్ని కాను. మౌక్తికా ఫణీంద్రా అప్పుడే పిల్లలు వద్దనుకున్నారు. కొన్నాళ్ళు తిరుగుదాం, సినిమాలు చూద్దాం, ఆమె ఉద్యోగంలో చేరాక చూద్దాం అనుకున్నారు. ఆ మాట అత్తగారికి చెప్పే ధైర్యం లేదు, డాక్టరు దగ్గరికి వెళితే ఊరందరికీ తెలుస్తుందని భయం. ఫణీంద్ర మందుల షాపు ముందు నిలబడి, మిగతావాళ్ళంతా వెళ్ళేదాకా దగ్గు మాత్రల డబ్బాలు చదివి, చివరికి గొణిగాడట. షాపాయన కూడా అతని మొహం చూడకుండా నల్ల కవర్లో చుట్టి ఇచ్చాడట. సిగ్గుపడుతున్న ఇద్దరు మగవాళ్ళ మధ్య ఆమె రక్తం సంగతి అడిగేవాళ్ళెవరు? ఆ కథ ఫణీంద్ర నటించి చూపిస్తుంటే మౌక్తిక పొట్ట పట్టుకుని నవ్వింది.

ఇల్లంతా సర్దే అత్తగారి కంట పడని చోటు ఒక్కటే ఉంది. "దీన్ని నేను తప్ప ఎవరూ ముట్టుకోరుగా" అని గర్భం రాకుండా వేసుకునే ఆ మాత్రల అట్టని నా సంచిలో దాచింది. రోజూ పొద్దున్నే మువ్వలు చప్పుడవకుండా పట్టుకుని ఒక మాత్ర తీసుకునేది. నన్ను పక్కకి జరిపే మాత్ర తీసేది. ఆ చెయ్యి నాకు తగులుతూనే ఉండేది.

కొన్నాళ్ళకి తలనొప్పులు మొదలయ్యాయి. నొప్పి వచ్చేముందు కళ్ళ ముందు వంకరటింకర మెరుపు గీతలు కనిపిస్తున్నాయని భర్తతో చెప్పింది. "ఎంత బావుంటాయో తెలుసా, దీపావళి మతాబుల్లా!" అంది. ఆమెకి అందులో కూడా అందమే కనిపించింది. ఎండకి అనుకున్నారు. తలకి తడిగుడ్డ చుట్టుకుని పడుకుంది.

పెద్దవాళ్ళు అన్నవరం వెళ్ళిన ఆదివారం సంగతి తలుచుకుంటే నాలోని గాలి గొట్టాలన్నీ బిగుసుకుంటాయి. ఇంట్లో ఇద్దరే. ఫణీంద్ర సరదాగా నా పట్టీ ఆమె చేతికి చుట్టాడు. నేను విన్నాను. ఆ రక్తం ఆ వయసుకి వేయకూడని కేక వేస్తోంది. నా ఎర్ర గీత పైదాకా పాకింది.

"ఏవే, నేను చెయ్యి పట్టుకుంటేనే ఇంతా?"

"పట్టుకున్నది మీరు కాదు, మిషను!"

"మరి ఆ గుండె బొమ్మ చూడు, ఎలా కొట్టుకుంటోందో. ఎరుపు కూడా ఎక్కింది, అదంతా సిగ్గే."

మళ్ళీ చూశారు. మళ్ళీ ఎరుపే. "నేను లేకుండా చూద్దాం" అని అతను వంటింట్లోకి వెళ్ళి తలుపు వెనక దాక్కున్నాడు. మళ్ళీ ఎరుపే. "గోడ వెనకున్నా దీనికి తెలిసిపోతోందండీ!" అని ఆమె పడీపడీ నవ్వింది. అప్పుడతను తన చేతికి చుట్టుకున్నాడు. నేను నిజమే చెప్పాను, ఆకుపచ్చ. "అంటే మీకు నా మీద ప్రేమ లేదన్నమాట!" అని ఆమె దిండు విసిరింది. "దుర్మార్గపు మిషను, కాపురాలు కూలుస్తోంది" అని అతను నన్ను సంచిలోకి తోసేశాడు. లోపల మాత్రల అట్ట నాకు ఆనుకుని ఉంది. బయట నవ్వులు. అడిగిన ప్రతిసారీ చెప్పాను. మనుషులు తమ సంతోషంలో దేన్నయినా తమకి ప్రేమలేఖగానే చదువుకుంటారు. అందులో వాళ్ళ తప్పేముంది? అంత ముచ్చటైన చదువు నేను మళ్ళీ చూడలేదు, చూడకూడదు కూడా.

అది జరిగి ఎన్నో రోజులు కాలేదు. పొద్దున్నే అరుగు మీద మామగారి చేతికి పట్టీ చుడుతుంటే ఆమె కుడి వేళ్ళు జారిపోయాయి. మళ్ళీ పట్టుకోబోయింది, వేళ్ళు వినలేదు. "మావయ్యగారూ" అనబోయింది, మాట ముద్దయిపోయింది. ముందు ఆయన ఆటపట్టిస్తోందనుకుని నవ్వబోయారు. తర్వాత ఆమె మూతి ఒక పక్కకి జారడం చూశారు. "ఒరే ఫణీ! ఆటో, ఆటో పిలవరా!" అన్న కేక వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

ఆ హడావిడిలో సంచి కిందపడి మాత్రల అట్ట బయటికొచ్చింది. సుబ్బరత్నంగారు వంగి తీశారు. చూశారు. దాన్నీ నన్నూ కలిపి మళ్ళీ సంచిలో వేసి, "ఏ మందులేసుకుంటోందని అడుగుతారు" అంటూ ఆటో ఎక్కారు. అందుకే ఆసుపత్రిలో మాటలన్నీ నేను విన్నాను.

తొందరగా తీసుకొచ్చారు కాబట్టి ప్రమాదం తప్పుతుందని డాక్టరమ్మ చెప్పింది. మెదడుకి వెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందని కూడా చెప్పింది. అట్ట చూసి, "ఇవి మొదలుపెట్టే ముందు ఎవరైనా బీపీ చూశారా?" అని అడిగింది.

"మొదలుపెట్టాక చూశామండీ" అన్నాడు ఫణీంద్ర. "ఎక్కువే వచ్చింది. మేం... నవ్వుకున్నాం." అని గోడవైపు తిరిగాడు.

డాక్టరమ్మ కసరలేదు. "ఈ మాత్రలు ఎంతోమంది వాడతారు బాబూ, చాలామందికి ఏమీ కాదు. కానీ కొందరికి బీపీ పెంచుతాయి. బీపీ ఉన్నవాళ్ళకీ, తలనొప్పి ముందు మెరుపులు కనిపించేవాళ్ళకీ ఈ రకం ఇవ్వం, ఇలా గడ్డలు కట్టే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి. వాళ్ళకి వేరే దారులున్నాయి. ఒక్కసారి వచ్చి అడిగితే సరిపోయేది."

సుబ్బరత్నంగారు మంచం పక్కన కూర్చుని కోడలి నుదురు నిమిరారు. "నాకెందుకు చెప్పలేదే? చెబితే తిట్టేదాన్నేమో. తిట్టి, నేనే తీసుకెళ్ళేదాన్ని."

మౌక్తిక బతికింది. మాట తిరిగొచ్చింది. కుడి చెయ్యి మెల్లగా పనులు మళ్ళీ నేర్చుకుంటోంది. గ్లాసు పట్టుకోగలిగిన రోజున పాత మౌక్తికలాగే మెరిసింది. నా సంచిలో ఇప్పుడు నేనొక్కదాన్నే. అరుగు మీద కొలువులో మొదటి చెయ్యి ఆమెదే. మామగారే భయపడుతూ భయపడుతూ బొత్తం నొక్కుతారు. ఆకుపచ్చ వచ్చేదాకా ఎవరూ కాఫీ ముట్టుకోరు. గుండె బొమ్మ మిణుకుమంటుంది. ఎవరూ నవ్వరు. ఆ నవ్వు కోసం కూడా నాకు బెంగగానే ఉంటుంది.

ఇవాళ పొద్దున్న ఆకుపచ్చ వచ్చింది. నేను ఉస్సుమని గాలి వదిలాను. అది విని ఆమెకి ఏం తోచిందో, పెదవులు గుండ్రంగా చేసి ఊదింది. మూతి కుడి చివర ఇంకా పూర్తిగా బిగుసుకోలేదు. నాలాగే ఆమె నోట్లోంచి కూడా ఉత్త గాలే వచ్చింది, ఈల రాలేదు. తల దించుకుంది. పేర్రాజుగారు పేపరు అడ్డం పెట్టుకున్నారు, పేజీ తిప్పలేదు. ఫణీంద్ర చెప్పులు వేసుకుంటూ ఆగిపోయాడు.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"ఇంకోసారి వెయ్యి, అమ్మాయ్."