నా ముందు పెట్టని మాట

గోంగూర కాడల నుంచి ఆకు తుంచుతున్నాను. పక్కన నేల మీద బోర్లా పడుకుని మా మనోజ్ఞ ఇంగ్లీషు హోమ్‌వర్క్ చేస్తోంది. తొమ్మిదో తరగతి. "అమ్మా, ఆర్డెంట్ అంటే తెలుసా?" అంది. గాఢమైన ఇష్టం, తపన ఉన్నవాళ్ళని అలా అంటారని డిక్షనరీలో ఉందట. "ఊరికే ఇష్టమైతే చాలదంది క్రిస్టినా మిస్. లోపల సెగ ఉండాలట. కాఫీ ఇష్టమనడానికి వాడితే మార్కులు కట్." ఆ మాట పెట్టి ఇంట్లోవాళ్ళ మీద వాక్యాలు రాయమన్నారట.

రాసినవి చదివింది. నానమ్మ వెంకటేశ్వరస్వామికి ఆర్డెంట్ భక్తురాలు. నాన్న చేనేతకి ఆర్డెంట్ అభిమాని. "మరి నేనో?" అన్నాను నవ్వుతూ. పెన్ను కొరుక్కుంటూ ఆలోచించింది. "నీకు హార్డ్‌వర్కింగ్ అని పెట్టానమ్మా. నువ్వు అన్నీ మా కోసమే చేస్తావుగా, నీకంటూ ఏముంది?"

పొగిడాననే అనుకుంది పిచ్చిది. నాకు మాత్రం కళ్ళు చురుక్కుమన్నాయి. కోపమూ వచ్చింది, దాని మీద కాదు. పదహారేళ్ళుగా విజయవాడలో మా చీరల కొట్టుకి డిజైన్లు గీసేది నేను. వంట, గిన్నెలు, అత్తగారి మందులు అన్నీ అయ్యాక గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ చుక్క పెట్టుకుంటూ కూర్చుంటాను. ఆ కాగితాలు పెడనలో మా బాబాయి వెంకటప్పయ్య మగ్గం దగ్గరికి వెళ్ళి చీరలై తిరిగొస్తాయి. "మా సార్ డిజైనండీ" అని కొట్టులో వాళ్ళు చెబుతుంటే మా ఆయన కాదనరు. జ్ఞానేశ్వర్ మనిషి చెడ్డవారు కాదు, నాకు జ్వరమొస్తే కాళ్ళు పడతారు. కానీ "ఖాళీగా ఎందుకని ఏదో గీసుకుంటుందిలెండి" అని నా ముందే అంటారు. నేనూ నవ్వేస్తాను. అలా నవ్వబట్టే, పద్నాలుగేళ్ళు నా పక్కనే పెరిగిన పిల్లకి నా ఇష్టం ఏదో కనబడలేదు.

ఈసారి చీర ఒళ్ళంతా వంకాయ రంగు, అంచు కనకాంబరం. రెండు నెలలు ఆ అంచు తప్ప నా కళ్ళకి ఇంకోటి ఆనలేదు. పోపులు మాడ్చాను, పాలు పొంగించాను, తిట్లు తిన్నాను. అయినా హాయిగా ఉన్నాను. నిన్న భోజనాల దగ్గర ఆయన మామూలుగానే అన్నారు, "కనకాంబరం వద్దని మీ బాబాయికి చెప్పేశా వేణీ. క్రీమ్ వేస్తాడు. ఆడవాళ్ళు ఇప్పుడు లైట్ కలర్సే అడుగుతున్నారు." ఆడదాన్ని, ఎదురుగానే ఉన్నాను. "ఊఁ" అని మజ్జిగ పోశాను.

ఇవాళ అచ్చు అతుకుతారు. మగ్గం మీది పాత పోగు చివరికి కొత్త పోగు కలిపి మెలెయ్యాలి, అలా వేల పోగులు, ఒక్కొక్కటిగా. ఆ పని ఆడవాళ్ళదే. మా అమ్మ వేళ్ళకి బూడిద రాసుకుని పొద్దుగూకేదాకా అతికేది. అంచు రంగు ఆ పడుగు పోగుల్లోనే ఉంటుంది, ఒకసారి అతికాక ఇక మార్చడం ఉండదు.

గోంగూర పక్కకి నెట్టి ఫోన్ తీశాను.

"మొదలుపెట్టారా బాబాయ్?"

"మీ పిన్ని ఇప్పుడే కూర్చుంటోందమ్మాయ్. అల్లుడుగారు క్రీమ్ అన్నారుగా. నీ కనకాంబరం నూలు అప్పటికే అద్దించాను, మూలన పెట్టేశా."

"అదే అతకమను పిన్నిని. నేను గీసినట్టే నెయ్యి."

మనోజ్ఞ లేచి కూర్చుని నా మొహమే చూస్తోంది.

"అల్లుడుగారు ఏమంటారో తల్లీ."

"ఆయనతో నేను చెబుతాను."

"అది కాదమ్మా, ఈ పడుగుకి ఆరు చీరలొస్తాయి. అమ్ముడుపోకపోతే?"

"ఆరూ నేనే కట్టుకుంటాను బాబాయ్."