గడకర్ర ఎడమ భుజం

యుద్ధం ముగిసింది. గెలిచామని ఊరేగింపులు తీశారు, బ్యాండు వాళ్ళకు కొత్త బట్టలు కుట్టించారు. తప్పిపోయిన మగాళ్ళను వెతికిపెట్టడానికి మాత్రం ఒక గది, ఒక బల్ల, ఒక గుమాస్తా సరిపోతాయనుకున్నారు. ఆ గుమాస్తాకు చెవుడు.

మొదట్లో ఆడవాళ్ళు ఆస్పత్రుల్లోకి చొరబడి మంచం మంచానికీ దుప్పటి ఎత్తి చూసేవారు. పరాయి మొగుళ్ళ మీద కూడా పడి ఏడుస్తున్నారని డాక్టర్లు మొత్తుకున్నారు. దాంతో ఒక పద్ధతి పెట్టారు. ముందు గుమాస్తాకు ఆనవాళ్ళు చెప్పాలి. పేరూ ఊరూ చెప్పుకోలేని రోగి ఎవరికైనా అవి సరిపోతే లోపలికి పంపుతారు. లేకపోతే ఇంటికి దారి చూపిస్తారు. కన్నీళ్ళు కూడా పొదుపుగా వాడాలి మరి.

ఆ బల్ల ముందుకు వారం వారం ఒక అత్తా కోడలూ వచ్చేవారు. కోడలు దర్జీ. అత్తకు నోరే వృత్తి.

"మా వాణ్ణి వీధంతా గడకర్ర అనేవాళ్ళు నాయనా," అనేది అత్త. "అంత నిటారు. భుజాలు రెండూ తక్కెడ పెట్టి తూచినట్టుంటాయి. రాజాలా ఉంటాడు."

"రాజులెవరూ యుద్ధానికి వెళ్ళలేదమ్మా," అనేవాడు గుమాస్తా. "తరువాత ఎవరు?"

కోడలు తల దించుకుని కొంగు అంచు చూసుకునేది. నిజానికి ఆ నిటారుతనం ఆమె కుట్టిందే. చిన్నప్పటి నుంచి గోదాములో బస్తాలు మోసి మోసి ఆయన ఎడమ భుజం కిందికి జారిపోయింది. ప్రతి చొక్కాకూ ఎడమ వైపు లోపల దూది మెత్త పెట్టి ఆమె దాన్ని కుడి భుజానికి సమం చేసేది. "అమ్మకు తెలిస్తే కుమిలిపోతుంది, ఎప్పుడూ చెప్పకు," అని ఆయన మాట తీసుకున్నాడు. మాట తప్పకూడదు కదా. మొగుడు తప్పిపోయినా సరే.

ఒక రోజు గుమాస్తా బల్ల సర్దుకుంటూ కనిపించాడు.

"రేపటితో ఈ గది మూసేస్తున్నామమ్మా. పేరు తెలియని వాళ్ళందర్నీ ఎక్కడో దూరాన ఉన్న ఆశ్రమానికి పంపేస్తారు. ఇక అక్కడికెళ్ళి వెతుక్కోవాలి. ఎక్కడో నన్నడక్కండి, నాకూ చెప్పలేదు."

అత్త మళ్ళీ గడకర్ర అని ఎత్తుకుంది. కోడలు ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"ఎడమ భుజం బాగా వంగి ఉంటుందండీ," అంది, చెవిటి గుమాస్తాకు కూడా వినపడేలా. "క్షమించండత్తయ్యా. మీకు చెప్పొద్దన్నారు."

అత్త ఆమెను ఎగాదిగా చూసింది.

"పెరట్లో చొక్కా విప్పి స్నానం చేసేవాడు కదే. నేను గుడ్డిదాన్నా? వాళ్ళ నాన్న పోయాక ఆ బస్తాల కిందికి వాణ్ణి తోసింది నేనే. వంకరవాణ్ణి కట్టబెట్టానని నువ్వెక్కడ ఏడుస్తావోనని నోరు మూసుకున్నాను."

"మీరా? నోరా?"

"అవునే. జన్మలో ఒక్కసారి మూసుకుంటే ఇదిగో, ఇలా అయింది."

గుమాస్తా మొహం చిట్లించాడు. "భుజం వంగినవాడు చివరి వార్డులో మొదట్నుంచీ ఉన్నాడు. మీరు తూచినట్టు ఉండాలంటిరి."

చివరి వార్డులో నర్సు తెర తీసింది. "తలకు దెబ్బ. ఇంతవరకూ ఒక్క ముక్క మాట్లాడలేదు. డాక్టర్లు చెయ్యని వైద్యం లేదు," అంది.

ఆస్పత్రి చొక్కా ఎడమ వైపు జారిపోయి, మంచం మీద ఆయనే కూర్చుని ఉన్నాడు. ఇద్దరినీ చూశాడు. గోడను చూసినట్టే చూశాడు.

కోడలు ఏం చెయ్యాలో తోచక చొక్కా సర్దబోయింది. "ఎవరు కుట్టారో గానీ, చంకలో కూడా పట్టేస్తోంది."

"మెత్త పెట్టవే ముందు. నలుగురూ చూస్తున్నారు."

"ఇక పెట్టను. ఆ మెత్తే కొంప ముంచింది."

"కొంప ముంచింది నీ మౌనం."

"మీది కాదా?"

మంచం మీది మనిషి రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నాడు.

"ఇద్దరూ కాస్త నెమ్మదిగా," అన్నాడు విసుగ్గా. ఇంట్లో రోజూ అనే మాటే.

నర్సు డాక్టరు కోసం పరుగెత్తింది. అత్తా కోడలూ మాత్రం నెమ్మదించలేదు. ఇంకో మాట అంటాడేమోనని గొంతు మరింత పెంచారు.