ఆగకుండా పెరిగిన జుట్టు

మా మేనత్తది చిన్న బ్యూటీపార్లర్. గోడంతా అద్దం, పొద్దస్తమానం కబుర్లు. మోకాలి ఆపరేషన్ అయ్యాక సాయంత్రాలు నిలబడొద్దన్నాడు డాక్టరు. ఊరికే కూర్చోవడం ఆవిడ ఒంటికి పడదు. కొన్నాళ్లు టీవీ రిమోట్ నొక్కి నొక్కి విసుగెత్తి, "ఏమే, నువ్వెళ్లే కంప్యూటర్ క్లాసులో కూర్చునే ఉంటారుగా? నన్నూ చేర్పించు" అంది.

నేను నవ్వాను. అత్త నవ్వలేదు.

క్లాసులో అందరం ఒకే ఈడువాళ్లం. సారు కూడా మాకంటే నాలుగైదేళ్లు పెద్ద, అంతే. అత్త లోపలికి రాగానే ఎవరి అమ్మో వచ్చిందనుకుని లేచి, "మీ అబ్బాయి ఎవరండీ?" అన్నాడు.

"నేనే ఆ అబ్బాయిని" అంటూ అత్త వెళ్లి ముందు బెంచీలో కూర్చుంది.

చిన్న చిన్న వీడియో గేములు చేయిస్తూ కోడింగ్ నేర్పడం ఆయన పద్ధతి. ముందు ఒక బంతిని ఎగరేయమన్నాడు. అత్త బంతి పైకి పోయింది, మళ్లీ రాలేదు.

"పైకెళ్లమని రాశారు, కిందికి దిగమని రాయలేదండీ" అన్నాడు సారు.

"ప్రతిదీ విడమరిచి చెప్పాలా? అచ్చం మా ఆయనే!" అంది అత్త. క్లాసంతా గొల్లుమంది.

తరవాత ఎవరి గేము వాళ్లే తయారుచేసుకోమన్నాడు. మావన్నీ కార్లూ తుపాకులూ. అత్త ఒక కుర్చీ గీసి, దాంట్లో ఓ గుండ్రటి మొహాన్ని కూర్చోబెట్టింది. జుట్టు పెరుగుతుంది, మౌస్ నొక్కితే కత్తెర పడుతుంది. అంతే గేము. ఇంట్లో కూర వడ్డిస్తూ కూడా "ఒకవేళ మౌస్ నొక్కితే..." అని గొణుక్కునేది. మావయ్య బిక్కమొహం వేసుకుని గరిటె వంక చూసేవాడు.

తొలిసారి నడిపిన రోజు జుట్టు భుజం దాటింది. కుర్చీ దాటింది. తెరంతా అల్లుకుపోయి, ఆపే మీట మీదికి కూడా పాకింది.

"ఓరి నాయనో, ఇదేం జుట్టురా!" అని అత్త కేకపెట్టింది. అందరం మూగాం. పక్క బెంచీ కళ్లజోడబ్బాయి మౌస్ లాక్కుని టకటకా కత్తిరించబోయాడు. కత్తిరించే కొద్దీ పెరుగుతూనే ఉంది. "నాకివ్వు, నాకివ్వు" అని ఒకటే తోపులాట.

"ఇంత పొడవు రాగానే ఆగమని రాయాలండీ" అన్నాడు సారు. అత్త బుద్ధిగా రాసింది. ఈసారి జుట్టు భుజాల దగ్గర ఆగింది. కత్తెర పడింది. కళ్లజోడబ్బాయి ఒక్కసారి ఆడి మౌస్ వదిలేశాడు.

అత్త వాడు వదిలేసిన మౌస్ వంక చూసి, తల అడ్డంగా ఊపింది.

"సారూ, ఇందాకే బాగుంది."

"ఇందాక తప్పుందండీ."

"ఆ తప్పే నాకు కావాలి. కాకపోతే దానంతటది జరగకూడదు. నేను చెబితే జరగాలి."

సారు తల గోక్కున్నాడు. తరవాత కుర్చీ లాక్కుని ఆవిడ పక్కనే కూర్చున్నాడు.

కత్తిరించిన ప్రతిసారీ జుట్టు ఇంకాస్త వేగంగా పెరగాలి. నేల తాకితే ఓడిపోయినట్టు. ఆ వేగం దగ్గరే అత్త తెగ తంటాలు పడింది. నేను కీబోర్డు మీద చెయ్యి వెయ్యబోతే, "తియ్యవే! నోటితో చెప్పు చాలు" అని కసిరింది. రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది. ఒక సాయంత్రం అది అనుకున్నట్టే నడిచింది. అత్త చప్పట్లు కొడుతూ మోకాలి సంగతి మరిచి లేచి నిలబడింది. "అమ్మా!" అని మళ్లీ కూలబడింది. నొప్పితోనే నవ్వింది.

ఆఖరి రోజు ఇళ్లవాళ్లని పిలిచారు. నా కారు గేము దగ్గర మా అమ్మ ఒక్కతే నిలబడింది. అత్త కంప్యూటర్ ముందు మాత్రం వరస గుమ్మం దాకా ఉంది. అందులో మావయ్య కూడా! సారు మళ్లీ మళ్లీ ఓడిపోయి, "ఇంకొక్కసారి, అత్తయ్యగారూ" అని బతిమాలాడు.

"లేవండి సారూ, వెనక జనం ఉన్నారు" అని అత్త ఆయన్ని లేపేసింది.

ఇంటికి నడుస్తుంటే అత్త ఉన్నట్టుండి ఆగి, "ఏమే, ఒకేసారి ఇద్దరు పోటీపడి ఆడాలంటే ఏం రాయాలి?" అంది.

"నాకు తెలీదత్తా."

"నాకూ తెలీదే!" అంది, మొహం వెలిగిపోతుండగా.