ముంచి తెచ్చిన నీళ్లు

మరుగుతున్న జామాకు వాసన — వగరుగా, పచ్చిగా, వంటింటి నిండా.

వడకట్టిన కషాయం లేత పసుపు. కూతురు అందులో వెండి ఉప్పు కరిగిన నీళ్లు కలిపింది.

కాసేపు ఏమీ లేదు.

తర్వాత పసుపు తేనెరంగయింది. తేనె ముదిరి గోధుమరంగయింది... ఆకు తన పని తాను చేసింది. వెండి, కంటికి ఆనని నలుసులై పుట్టింది.

"నీ కాలువలో రంగుని విరిచేసేవి ఈ నలుసులే నాన్నా. పని జరిపిస్తాయి, తాము మాత్రం ఖర్చు కావు."

"కమిషన్ అడగని దళారి! మా బజారులో ఒక్కడూ లేడే!"

నవ్వాడు షావుకారు. బట్టలకు రంగులద్దే కార్ఖానా అతనిది. కాలువ అతనిది కాదు. అందులో రంగు మాత్రం అతనిదే.

"రేపు కాలేజీలో అందరి ముందూ చేసి చూపించాలి. పొద్దున్నే ఒక డబ్బా కాలువ నీళ్లు తెచ్చిపెట్టు, నాన్నా."

పొద్దున్నే కాలువలో డబ్బా ముంచాడు.

నీలం కాదది — నలుపు.

ఇంత నలుపు పదిమంది ముందు పెడితే తన పరువేం కాను? కుళాయి తిప్పాడు. సగం పారబోశాడు, మంచినీళ్లు పోశాడు. మళ్లీ పారబోశాడు... మళ్లీ పోశాడు. సరుకు మెరుగ్గా చూపించడం కొట్లో పెరిగినవాడికి ఒకరు నేర్పాలా?

నీలం ముద్దుగా తేలింది. బేరం గిట్టిందనుకున్నాడు.

కాలేజీలో కూతురు ఆ నీళ్లు గ్లాసులో పోసింది. చిటికెడు తెల్లపొడి — నలుసులు పని జరిపించేది దానితోనే. పైన వెండి నీళ్లు, చుక్క చుక్క.

నీలం వెలిసింది.

వెలిసి... వెలిసి... గ్లాసు వెనక కిటికీ కనబడింది.

చప్పట్లు.

"నిజంగా కాలువ నీళ్లేనామ్మా?" అడిగింది మేడం.

"మా నాన్న స్వయంగా ముంచి తెచ్చారండి. ఆయన మాట తూకం వేసినట్టుంటుంది."

"అయితే ఈ ఫలితం రేపే పత్రికకు రాసి పంపించేద్దాం."

వెనక బెంచీలో షావుకారు చెవులు వేడెక్కాయి. చప్పట్లలో తన చేతులూ ఉన్నాయి. కుళాయి తిప్పిన చేతులు.

చెబితే పోయేది తన పరువు. చెప్పకపోతే పోయేది కూతురి మాట. ఏది చిన్న నష్టమో తెలుసు.

ఖాళీ డబ్బా అందుకుని లేచాడు.

కాలువకు వెళ్లాడు. ముంచాడు. ఈసారి కుళాయి వైపు చూడలేదు.

కాలేజీలో అందరూ వెళ్లిపోయిన గదిలో, బల్ల మీద డబ్బా పెట్టాడు.

"ఇవి... ఇవీ కాలువ నీళ్లు, తల్లీ."

కూతురు డబ్బాలోకి చూసింది. తర్వాత అతని వైపు.

"మరి పొద్దున తెచ్చినవి?"

"కొంచెం... నీళ్లు పోశాను."

"కొంచెమా, నాన్నా?"

నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. గ్లాసు కడిగింది — అవసరమైన దానికన్నా ఎక్కువసేపు.

నల్ల నీళ్లు పోసింది. తెల్లపొడి. వెండి చుక్కలు.

బల్లకు చెరోవైపు, గడ్డాలు ఆనించుకుని ఇద్దరూ.

గ్లాసు వెనక కూతురి ముఖం కనబడడం లేదు. అదే మేలనిపించింది అతనికి. మేలనిపించినందుకు మళ్లీ సిగ్గేసింది.

వెండి నీళ్లలో ఇంకా ఆకు వాసన... వగరుగా.

కాసేపు ఏమీ లేదు.

ఇంకాసేపు — నలుపు వెలుస్తుందో లేదో, ఇద్దరూ లేవలేదు.