ఇవాళ ఎవరి వంతు

చెప్పులు పై మెట్టు మీదే విప్పాలి, ఎడమది కాస్త ముందుకి, లేకపోతే తిరిగొచ్చేటప్పుడు కాలితో తడుముకోవాలి, తడుముకోవడం చూస్తే ఎవరో ఒకరు అడుగుతారు, అసలే ఇవాళ గట్టంతా జనం, రెండు జీపులు, రెండు రాష్ట్రాల ఇంజనీర్లు, ఒకాయన మనవాడు, ఒకాయన వాళ్ళవాడు, ఇద్దరూ ఒకేలాంటి తెల్ల టోపీలు పెట్టుకొచ్చారు ఖర్మ, గొంతు విప్పితే తప్ప ఎవరు ఎవరో ఆమెకి తెలియడం లేదు, టోపీల కింద మొహాలుండాల్సిన చోట పాలు ఒలికినట్టు తెల్లగా అలుక్కుపోయి ఉంది, ఎండ ఇంకా ముదరలేదు కాబట్టి ఆ మాత్రమైనా, ఎండెక్కితే అదీ ఉండదు, అమ్మా కళ్ళు చూపించుకోవే అని కూతురు ఫోన్ చేసినప్పుడల్లా పోరుతుంది, నీ మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు కదే, కొత్తగా చూసేదేముంది అని నవ్వుతూ కొట్టిపారేస్తుంది తను, కంట్లో కత్తి పెడతారన్న మాట తలుచుకుంటేనే భయం, ఆ సంగతి కూతురికి చెప్పదు, ఎవరికీ చెప్పదు.

కళ్ళు కనపడని మనిషికి గేజి దగ్గరేం పని, ఈ ప్రశ్న తనే అడుక్కుని తనే తప్పించుకు తిరుగుతోంది ఎన్నాళ్ళుగానో, ఉన్న పనల్లా చూడడమే మరి, ఎగువ రాష్ట్రం తరఫున ఒక మనిషి, దిగువ రాష్ట్రం తరఫున ఒక మనిషి, రోజూ పొద్దున్నే కలిసి మెట్లు దిగి నీళ్ళలో పాతిన గేజి పలక మీద నది ఎక్కడిదాకా ఉందో చదవాలి, ఈ గట్టు మీద అందరూ ఆయన్ని ఎగువాయన అంటారు, ఆమెని దిగువమ్మ అంటారు, అసలు పేర్లు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తురావు, ఒకరు ముందు చెప్పాలి, రెండో వాళ్ళు తర్వాత చెప్పాలి, ముందు చెప్పే వంతు రోజు మార్చి రోజు మారాలి, పెద్దమనుషులు ఏళ్ళ తరబడి కూర్చుని, లేచి, అలిగి, మళ్ళీ కూర్చుని రాసుకున్న ఒప్పందం, ఆఖరికి ఆ సగం సగం పిచ్చి గట్టు మీది ఈ గది దాకా వచ్చింది, సగం గోడ ఆకుపచ్చ, సగం నీలం, ఎవరి సగానికి వాళ్ళే సున్నం, ఎవరి సగానికి వాళ్ళే రేకులు, ఎగువ వాళ్ళ రేకులు మార్చడానికి ఇంకా అనుమతి రాలేదట, వానొస్తే ఆయన కుర్చీ ఎత్తుకుని ఆమె రాష్ట్రంలోకి వచ్చేస్తాడు, రానీయమంటావా చెల్లెమ్మా అంటాడు గుమ్మంలో నిలబడినంత మర్యాదగా, రా అన్నయ్యా, వాన వెలిశాక నీ దేశానికి నువ్వు పో అంటుంది తను, ఒకే ఫ్లాస్కులో టీ, అదొక్కటీ ఏ ఒప్పందంలోనూ లేదు.

వంతు సంగతి మాత్రం ఆ మనిషికి గుర్తుండదు, చల్లగా ఉండాలి, ఆ మతిమరుపే ఆమెని ఇన్నాళ్ళూ నిలబెట్టింది, ఒకప్పుడు ఇలా కాదు, ఈ మధ్యనే పట్టుకుంది, ఇవాళ నాదే కదూ చెల్లెమ్మా అంటూ దిగిపోతాడు, నిన్నా నీదే కదా అని నోటిదాకా వచ్చిన మాట మింగేసి, అవును నీదే అంటుంది, ఆయన ఒక అంకె చెప్తాడు, ఆమె కూడా కాస్త వంగి, కళ్ళజోడు సర్దుకుని, చూసినట్టే చూసి అదే అంకె చెప్తుంది, మతిమరుపుకి మందేసుకో అన్నయ్యా అందొకసారి, జాలేసి, వేసుకుంటున్నానమ్మా, వేసుకున్నానో లేదో అదే గుర్తుండడం లేదు అన్నాడు, ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు, ముసలితనం పాపం, మెట్లు దిగుతూ తనలో తనే మాట్లాడుకుంటున్నాడు ఈ మధ్య, ఇక్కడ పాచి ఉంది, ఇక్కడ రాయి ఊగుతోంది, రోజూ దిగే మెట్లే, రోజూ అవే మాటలు, చిత్రమేమిటంటే ఆమె టీలో చక్కెర ఎంతో గుర్తుంటుంది, ఆమె మనవరాలికి ఏ పన్ను ఊడిందో గుర్తుంటుంది, ఏ ఏడు వరద కంచెని ఎత్తుకుపోయిందో అడిగితే ఆ రోజు వేసుకున్న చొక్కా రంగుతో సహా చెప్తాడు, బుర్ర ఒక్కోచోట ఒక్కోలా పాడవుతుంది కాబోలు.

ఇవాళ ఆ మతిమరుపు అక్కరకి రాదు, మొన్నటిదాకా నీళ్ళు పలక మీది ఎర్రగీతకి పైనే ఉన్నాయి, ఇవాళ గీత దాటి కిందికి దిగి ఉంటే ఎగువ వాళ్ళు తమ ఆనకట్ట గేట్లు ఎత్తాలి, దిగకపోతే ఎత్తక్కర్లేదు, ఇద్దరి మాటా కలవకపోతే కమిటీకి పోవాలి, కమిటీ అంటే కాగితాలు, కాగితాలంటే వానలు పడేదాకా, ఈలోగా దిగువన కూతురి ఊళ్ళో కుళాయిలు బుస్సుమంటున్నాయి, లారీ వస్తే నీళ్ళు, లేకపోతే లేదు, మనవరాలు ఫోన్లో అడుగుతుంది, అమ్మమ్మా నది నీ దగ్గరే ఉందట కదా, కొంచెం వదలవూ, వదులుతాను బంగారం, వదలకేం చేస్తాను, ఎగువాయనకి మాత్రం నష్టం లేదా, ఆయన కొడుకు పొలం ఆ గేట్ల వెనకే ఉంది, గేటు ఎత్తితే వాళ్ళ పైరుకి తడుపు తగ్గుతుంది, మరి ఇన్నాళ్ళూ ఆయన చెప్పిన అంకెలు నిజమేనా, ఈ అనుమానం నిన్న రాత్రి మొదటిసారి వచ్చింది ఆమెకి, వచ్చినందుకు సిగ్గేసింది, సిగ్గేసినా పోలేదు, వేలెడు ఎక్కువ చెప్పి ఉంటే ఎలా తెలుస్తుంది, తను తలూపిన ప్రతి పొద్దుకీ మనవరాలి స్నానంలో ఒక చెంబు తగ్గి ఉంటే.

గట్టు మీదనుంచి గొంతు వినపడింది, మనాయనది, దిగువ ఇంజనీరుది, అమ్మా ఇవాళ మన వంతే, మీరు ముందు చెప్పండి, చదివేటప్పుడు ఆఫీసర్లు మెట్లు దిగకూడదు, అదీ ఒప్పందంలో ఉంది, కిందికి దిగేది వీళ్ళిద్దరే, పక్కన ఎగువాయన దగ్గాడు, ఇవాళ నా వంతండీ అన్నాడు ఎప్పటిలాగే, పైనుంచి ఆయన ఇంజనీరు విరుచుకుపడ్డాడు, నిన్న ఫోన్లో నువ్వే కదయ్యా చెప్పావు ముందు నేనే చదివానని, వంతు కూడా గుర్తుండదా, ఉన్న పనల్లా అదొక్కటే, ఇంత మతిలేనివాణ్ణి ఎందుకు పెట్టుకున్నామో, అందరి ముందూ, ఆ ఇంజనీరు ఈయన మనవడి వయసువాడేం కాదు గానీ కొడుకు వయసువాడు, ఎగువాయన మాత్రం మర్చిపోయానండి, తప్పయిపోయింది అన్నాడు, అంతే, ఆ తప్పయిపోయింది అన్న మాట ఆమె గుండెలో కలుక్కుమంది, ఓ పెద్దాయన మతి తప్పుతుంటే ఆ సందులో ఉద్యోగం చేసుకుంటున్నాను, తిట్లు ఆయనకి, జీతం నాకు, ఛీ, ఇదేం బతుకు, ఎదురుగా గేజి పలక, పలక అనుకుంటున్నది, నీళ్ళ తెలుపులో కలిసిన ఇంకో తెలుపు, ఏదో ఒక అంకె అనేస్తే, తగిలితే తగులుతుంది, తగలకపోతే కమిటీ, నీళ్ళు రావు, నా భయం కోసం ఊరు ఊరంతా ఎండిపోవాలా.

నాకు కనపడడం లేదండీ, అంది.

తన గొంతే, ఇంత గట్టిగా ఎలా వచ్చిందో, కనపడక చాలా రోజులైంది, తప్పు నాదే, ఇన్నాళ్ళూ అన్నయ్య చెప్పిందే నేనూ చెప్పాను, ఇవాళా ఆయనే చెప్తాడు, పైన గొడవ, మనాయన గొంతు చిరిగిపోతోంది, ఏంటమ్మా మీరనేది, వాళ్ళ మనిషి మాట మన మాట ఎలా అవుతుంది, ఆమెకి ఎక్కడలేని తెగింపు వచ్చింది, ఈ గేజి దగ్గర మన మాట చెప్పాల్సింది నేనే కదండీ, ఆయన మాటే నా మాటని నేనే చెప్తున్నాను, రాసుకోండి, ఉద్యోగం తీసేస్తారా, తీసెయ్యండి, ముందు నీళ్ళ సంగతి తేలనివ్వండి, చెప్పు అన్నయ్యా, అని ఆయన వైపు తిరిగింది, ఆయన ఉన్నాడనుకున్న వైపు, ఆయన కిందికి వంగిన చప్పుడు, మోకాలు కిర్రుమంది, ఇప్పుడు ఆయన ఏమన్నా చెల్లుతుంది, గీత పైన అన్నా చెల్లుతుంది, కొడుకు పొలం తడుస్తుంది.

గీతకి నాలుగు వేళ్ళు కిందుందండీ అన్నాడు, మామూలుగా, టీ చల్లారిందన్నట్టు, సరిగ్గా చూడవయ్యా అని పైనుంచి ఆయన ఇంజనీరు, మళ్ళీ మోకాలు కిర్రుమంది, నాలుగు వేళ్ళేనండీ, గేట్లు ఎత్తాల్సిందే, నా కళ్ళకేం కాలేదు, మతిమరుపొక్కటే, ఆ చివరి మాటలో ఎక్కడో చిన్న నవ్వుంది, ఫ్లాస్కు మూత తిప్పేటప్పుడు వచ్చే నవ్వు, పైన ఎవరో గేట్ల వాళ్ళకి ఫోన్ చేస్తున్నారు, మనాయన ముందు ఆసుపత్రికి వెళ్ళండమ్మా, మిగతాది తర్వాత చూద్దాం అంటున్నాడు, సరేనండి అంటోంది తను, కత్తీ గిత్తీ ఏదైతే అదే అయింది, కళ్ళు ధారగా కారుతున్నాయి, కారడానికి మాత్రం బాగానే పనికొస్తున్నాయి, నీ మనవరాలు ఇవాళ తలంటుకోవచ్చు అన్నాడు ఆయన మెల్లగా, మరి నీ కొడుకు, అంది, వాడికి నేను చెప్పుకుంటాలే పద అని ఆమె పక్కనే మెట్లెక్కుతూ, ఎప్పటిలాగే ఒక అడుగు ముందు నడుస్తూ, ఎప్పటిలాగే తనలో తను గొణుక్కున్నట్టు, ఇక్కడ రాయి ఊగుతోంది, ఇక్కడ పాచి, అన్నాడు, ఆమె రాయి దాటింది, పాచి దాటింది, పై మెట్టు మీద ఎడం చెప్పు కాస్త ముందుకి ఉంది, ఆయన దాన్ని కాలితో ఇంకొంచెం ఆమె వైపుకి జరిపిన చప్పుడైంది, అప్పుడు ఆగిపోయింది ఆమె, మనవరాలి పన్ను సంగతి కూడా మర్చిపోని మనిషి ఇన్నాళ్ళూ వంతు మర్చిపోలేదు, తనలో తను మాట్లాడుకోలేదు, ఆ మాటలన్నీ ఆమెతోనే.