కదలనివ్వని రేకు

ఉదయం ఎనిమిదింటికల్లా ఆపరేటర్ విశ్వవిద్యాలయంలోని కంప్యూటర్ యంత్రాల గదిలో వరుసల మధ్య నడుస్తూ, ఒక్కో బీరువా తలుపు మీద అరచెయ్యి ఆనించి చూస్తున్నాడు. ఏది వేడెక్కిందో తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. అయినా ఇరవై రెండేళ్లుగా చేత్తో చూడందే ఆయనకు తృప్తి లేదు. సన్నటి మనిషి. ముక్కు మీదికి జారే కళ్లద్దాలు, జేబులో మూడు పెన్నులు, చల్లగాలికి చెవుల చుట్టూ మఫ్లరు. "ఈయన చెయ్యి పడ్డాక లెక్క తప్పదు," అని ప్రొఫెసర్ కొత్తవాళ్లకు చెబుతుంటాడు. ఆయనకున్న ఆస్తల్లా ఆ మాటే.

ఆర్నెల్లుగా ఆ మాటే ఆయన్ని నోరు తెరవనివ్వడం లేదు.

పై అంతస్తులో ఒక పరిశోధక విద్యార్థిని ఉంది. ఒక్క పరమాణువు మందమున్న రెండు రేకులను ఒకదానిపై ఒకటి పరిచి, పైదాన్ని ఒక డిగ్రీ తిప్పితే లోపలి ఎలక్ట్రాన్లు ఏమవుతాయన్నది ఆమె ప్రశ్న. నడక మరిచినట్టు నెమ్మదిస్తాయని, ఎంత నెమ్మదిస్తాయో కూడా కాగితం మీద ముందే తేల్చింది. పదకొండు వేల పరమాణువులతో ఆయన యంత్రం మీద నడిపిన లెక్క మాత్రం కాదంది. మూడేళ్లూ కాదంటూనే ఉంది. పోయిన నెల ప్రొఫెసర్ ఆ అంశం మూసేయమన్నాడు. ఆమె ఒక బడిలో లెక్కల టీచరుగా కుదిరింది. ఈ రోజే ఇక్కడ ఆఖరు.

ఆర్నెల్ల కిందట పాత ఫైళ్లు సర్దుతుంటే ఆమె లెక్క ప్రోగ్రాములో తను రాసిన ఒక్క వరుస ఆయన కంట పడింది. పరీక్ష త్వరగా అవుతుందని ఎప్పుడో ఆ వరుసతో పై రేకును కదలకుండా బిగించాడు, తీసేయడం మరిచాడు. పరమాణువులు సర్దుకోవడానికి చోటే లేకపోయింది. ఆ వరుస తీసి మళ్లీ నడిపితే అచ్చం ఆమె అంకే వచ్చింది. రేపు చెబుదామనుకుని ఇంటికెళ్లాడు. ఆ రేపు రానేలేదు.

నాలుగింటికి ఆమె రెండు కప్పుల టీతో వచ్చింది.

"మీరు లేకపోతే నా లెక్కలు ఎప్పుడో అటకెక్కేవి, అన్నయ్యా."

ఆయన టీ తాగకుండా పక్కన పెట్టాడు.

"నీ లెక్క తప్పు కాదమ్మా. నేనే... పై రేకును బిగించి వదిలేశాను. తీసి చూస్తే నీ అంకే వచ్చింది."

"ఎప్పుడు చూశారు?"

"ఆర్నెల్లయింది. పరువు పోతుందని భయపడ్డాను, తల్లీ."

ఆమె అరవలేదు.

"రోజూ నాతో టీ తాగారు కదా," అంది. "నాకంత బుర్ర లేదని మా అమ్మకి చెప్పుకున్నానన్నయ్యా."

కప్పు కింద పెట్టి వెళ్లిపోయింది.

ఆయన ప్రొఫెసర్ గదిలో నిలబడే అంతా చెప్పాడు. రెండు ఫలితాలున్న కాగితం బల్ల మీద పెట్టాడు. ప్రొఫెసర్ దాన్ని చాలాసేపు చూసి, తలెత్తకుండానే, "ఆ అమ్మాయిని పిలవండి," అన్నాడు.

ఆయన పడుతూ లేస్తూ మెట్లెక్కాడు. ఆమె బల్ల ఖాళీగా ఉంది. ఫోను మోగి మోగి ఆగిపోయింది.

తిరిగి కిందికి వచ్చేసరికి, యంత్రాల గది గుమ్మం పక్క అరలో ఆమె గదిలోపల వేసుకునే నీలం రబ్బరు చెప్పులు, వదిలేసి వెళ్లినవి, కనిపించాయి. ఎడమదాని తెగిన పట్టీకి ఒక పిన్నీసు, రెండింటికీ మడమల దగ్గర అరిగిన గుంటలు.