వెనక సీటులో నిమ్మచెట్టు

శనివారం పొద్దున్నే అమెరికాలో మోరిస్‌విల్‌లోని ఆ టౌన్‌హోమ్స్ ఆడవాళ్లు నరసింహ కారు దగ్గరికి వచ్చేవారు. వెనక డోరు తీసి, పులిహోరకి కావలసినన్ని నిమ్మకాయలు కోసుకుని, డోరు మెల్లగా వేసి వెళ్లేవారు. కారు కొన్నరోజు గుళ్లో పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు పెడితే, ఒకటి నలగకుండా ఎగిరి లోపల పడింది. అది వెనక సీటు కింద మొలిచి, ఎడమ కిటికీ వైపు ఒరిగి, చక్కగా కాపుకొచ్చింది. కూతురు దియ కుడివైపు కూర్చునేది. ఏటా కారు తనిఖీ చేసే అతను బ్రేకులు చూసి, లైట్లు చూసి, రెండు కాయలు జేబులో వేసుకుని పాస్ చేసేవాడు.

ఆ మోడల్ కార్లు ఎత్తుకుపోతున్నారని వాట్సాప్ గ్రూపులో గోల మొదలయ్యాక నరసింహకి నిద్ర కరువైంది. నాలుగు వీడియోలు చూసి మెకానిక్ అయిపోయాడు. వెనక సీటు ఎత్తి, ఫ్యూయల్ పంపుకి వెళ్లే వైరులో జానెడు ముక్క కోసి పారేసి, ఆ రెండు కొసల నుంచి తన సీటు కింద దాచిన స్విచ్ దాకా కొత్త వైరు లాగాడు. స్విచ్ వేస్తేనే ఇంజన్‌కి పెట్రోలు అందుతుంది. దొంగ ఎంత తిప్పుకున్నా బండి కదలదు.

ఆలోచన మంచిదే. వైరుతోనే వచ్చింది చిక్కు. పారేయబుద్ధి కాని సామానంతా దాచే డబ్బా ఒకటి మనవాళ్ల గరాజుల్లో ఉంటుంది కదా, అందులోంచి వినాయక చవితి మండపానికి కట్టిన సీరియల్ లైట్ల వైరు తీసి వాడాడు. దారికి అడ్డమొచ్చిందని, భార్య రేణు వద్దంటున్నా వినకుండా, నిమ్మచెట్టు వేరు ఒకటి నరికాడు.

మర్నాటి నుంచి కారుకి దగ్గు పట్టుకుంది. వీధిలో తిరిగితే బాగానే ఉండేది. హైవే ఎక్కి స్పీడు పెంచితే గుక్క తిప్పుకోలేక ఆగిపోయేది, కాస్త చల్లారాక మళ్లీ కదిలేది. నరసింహ ప్లగ్గులు మార్చాడు, బ్యాటరీ మార్చాడు, చివరికి పెట్రోలు కొట్టించే బంకు కూడా మార్చాడు. స్విచ్ మీద మాత్రం అనుమానం రాలేదు, అది తను పెట్టింది కాబట్టి. మెకానిక్‌కి చూపించమని రేణు అన్నప్పుడల్లా ఈ ఒక్క వీకెండ్ ఆగమనేవాడు.

రేణుకి ఆగే తీరిక లేదు. లేఆఫ్‌లో ఆమె ఉద్యోగం పోయింది, ఉద్యోగం లేకుండా దేశంలో ఉండనిచ్చే గ్రేస్ పీరియడ్ ముగియబోతోంది. నరసింహ వీసా కూడా ఆమె వీసా మీదే ఆధారపడి ఉంది. రాలీలోని ఒక బయోటెక్ కంపెనీ ఫైనల్ రౌండ్ ఇంటర్వ్యూకి రమ్మంది. అది పోతే సామాన్లు సర్దుకోవడమే. కారు బాగైపోయిందని నరసింహ భరోసా ఇచ్చాడు, ఆమె నమ్మి ఎక్కింది.

హైవే మధ్యలో ఇంజన్ ఆగిపోయింది. కారు పక్కకి లాగారు. అక్కడికి ఊబర్ వచ్చేసరికి ఇంటర్వ్యూ టైము దాటిపోతుంది.

"ఆ స్విచ్ చెక్ చేశావా అసలు?" అంది రేణు.

"అది పర్ఫెక్ట్‌గా ఉంది."

"వైరు మీద చెయ్యి పెట్టి చూడు."

సీటు ఎత్తి ముట్టుకున్నాడు. చెయ్యి చురుక్కుమంది. బుల్లి బల్బులకి సరిపోయే వైరు పంపుకి కావలసిన కరెంటు మోయలేక కాలిపోతోంది. నరసింహకి ఏడుపొచ్చినంత పనైంది. దాన్ని పీకేశాడు. ఇప్పుడు రెండు కొసలకీ మధ్య జానెడు ఖాళీ, కలపడానికి కారులో ఏమీ లేదు.

"సారీ రేణూ. నీ మాట వినాల్సింది."

రేణు తిట్టలేదు. బ్లేజర్ తీసి పక్కన పెట్టి, మోకాళ్ల మీద వంగి, నరికిన వేరు వైపు చూసింది. అయ్యో అనుకుని తన సీసాలో నీళ్లు దానిమీద కొంచెం కొంచెంగా పోసింది. వేరు తడిసింది, కదిలింది. మెల్లగా పాకి ఒక కొసని చుట్టుకుంది, ఇంకాస్త సాగి రెండో కొసని పట్టుకుంది.

"తిప్పు," అంది రేణు, చేతులు తుడుచుకుంటూ.

తాళం తిప్పాడు. ఇంజన్ దగ్గకుండా స్టార్టయింది, రాలీ దాకా ఒక్కసారీ దగ్గలేదు.

ఆమె లోపలికి వెళ్లాక నరసింహ భయంతో ఇంజన్ ఆపకుండా పార్కింగ్ లాట్‌లో కూర్చున్నాడు. చాలాసేపటికి రేణు వచ్చింది. మొహంలో ఏమీ తెలియలేదు. ముందు డోరు తీయలేదు. వెనక దియ సీట్లో చెట్టు పక్కన కూర్చుని, కొమ్మ మీద చెయ్యి వేసింది.

"తీసుకున్నారు. హెచ్-వన్ వీసా ట్రాన్స్‌ఫర్ పని రేపే మొదలుపెడతారట."

నరసింహ స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చేశాడు. రేణు నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఇద్దరికీ గుండెల మీద బరువు దిగిపోయింది.

"పద, ఇంటికి పోదాం," అంది.

కొన్నాళ్లుగా ఆ మాట వింటే, ఏ ఇల్లు, ఇంకెన్నాళ్లు అని ఇద్దరి మనసులూ గతుక్కుమనేవి. ఇవాళ నరసింహ గేరు మార్చి, ఇంటి దారి పట్టాడు.